ఫారంలో రాయని మాత్ర

ఫిబ్రవరి 4

అక్కా,

అక్షరాలు ఇంత లావుగా ఉన్నాయేమిటి, వీడికేమైనా మతి పోయిందా అనుకుంటావని ముందే చెబుతున్నా. మతి బాగానే ఉంది, పోయింది కన్ను. నీకు ఫోను చేసి చెబుదామంటే నీ చెవుల సంగతి తెలిసిందే. పోయినసారి నేను "జ్వరం తగ్గింది" అంటే నువ్వు "ఎవరు పోయారురా" అని ఏడుపు మొదలుపెట్టావు. అందుకే ఉత్తరం.

కుడి కంట్లో శుక్లం బాగా ముదిరిందట. నాకు తెలియకపోలేదు. ఆరు నెలలుగా ప్రతి గడియారమూ మంచులో పెట్టి చూస్తున్నట్టే ఉంది. మొన్న ఒకాయన వాళ్ళ నాన్నగారి చేతిగడియారం బాగుచేయించుకుని వెళ్ళి, మర్నాడు తిరిగొచ్చాడు. "ఏమండీ, దీనికి రెండు నిమిషాల ముళ్ళు పెట్టారేమిటి?" అన్నాడు. చూద్దును కదా, గంటల ముల్లు నా బల్ల మీదే పడుంది. దాని జాగాలో ఇంకెవరి గడియారం ముల్లో! నలభై ఏళ్ళ సర్వీసులో ఎప్పుడైనా ఇలా జరిగిందా? ఆయన నవ్వాడు కానీ నాకు తల కొట్టేసినట్టయింది.

నా ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ మందకొడిదే కదా. భూతద్దం తగిలించుకునేదీ, అన్నం పెట్టేదీ కుడి కన్నే. మార్చి పన్నెండున ఆపరేషన్. పావుగంట పనేనట. అద్దం ముక్క మార్చినట్టు లోపలి పొర తీసి కొత్తది పెడతారట. డాక్టరు చేతివేళ్ళు చూశాను, సన్నగా, నిలకడగా ఉన్నాయి. గడియారాల పనికి పనికొచ్చేవాడే.

రెండు పేజీల ఫారం ఇచ్చారు. పోలీసులు కూడా అన్ని ప్రశ్నలు అడగరు. అబ్బాయి లారీ వేసుకుని ఎక్కడో ఉన్నాడు, వాడు నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. కోడలే డ్యూటీకి సెలవు పెట్టి నా వెంట వచ్చింది, పెన్ను పట్టుకుని అడగడం మొదలుపెట్టింది. షుగరుందా మామయ్యా? లేదు. బీపీ? లేదు. కంటికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా? లేదు. మాత్రలేమైనా వాడుతున్నారా? లేదు. ఆ పిల్ల వరసగా లేదు, లేదు అని రాసుకుపోయింది. డాక్టరు చూసి "ఈ వయసులో ఇంత శుభ్రమైన ఫారం నేను చూడలేదు" అన్నాడు. నాకు కాస్త గర్వంగానే అనిపించింది.

నీ మోకాళ్ళెలా ఉన్నాయి? కుట్టుమిషను తొక్కడం మానేశావా, లేక ఎవరిమాటా విననని భీష్మించుకు కూర్చున్నావా?

నీ తమ్ముడు


ఫిబ్రవరి 11

ఒరే బుడ్డోడా,

అరవయ్యారేళ్ళ వాణ్ణి బుడ్డోడా అంటుందేమిటి అని మూతి ముడవకు. నేను ఎత్తుకుని తిప్పినవాడివి నువ్వు, నాకు ఎప్పటికీ అంతే.

మోకాళ్ళకేం, ఉన్నాయి. మిషనుకి మోటారు పెట్టించాను కాబట్టి తొక్కే పని లేదు. ఇప్పుడు నా బాధంతా ఎదురింటావిడతో. కోటు కుట్టించుకుంది, కుట్టేటప్పుడు ఒళ్ళొకటి, వేసుకునేటప్పుడు ఒళ్ళొకటి. బటన్లు పట్టకపోతే నా కుట్టు బాగాలేదంటుంది. నీ ఒళ్ళు పెరిగింది తల్లీ అంటే కోపం. చెవులు వినపడవని నా ముందే నన్ను తిడుతోంది. పెదాల కదలిక నాకు తెలియదా?

ఆపరేషన్ అంటే భయపడకు. మా వీధిలో నలుగురికి చేశారు, నలుగురూ సూదిలో దారం ఎక్కిస్తున్నారు.

అది సరే కానీ, మాత్రలేవీ వాడటం లేదని రాయించావా? మరి ఆ మాత్ర మాటేమిటి? రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నావిప్పుడు? మీ బావకి వచ్చిందే కదరా నీకూ, ఈ వయసు మగవాళ్ళలో సగంమందికి ఉండేదే, ఇందులో సిగ్గేముంది? ఆ రోజు షాపులో కూర్చున్నవాడివి కూర్చున్నట్టే తడిపేసుకుని, సాయంత్రం అందరూ వెళ్ళేదాకా లేవలేకపోయానని నా దగ్గర ఏడ్చావు. నేను మీ బావ డాక్టరు పేరు చెప్పబట్టి కదా ఆ మాత్రతో నలుగురిలోకి వస్తున్నావు! కంటికీ దానికీ ఏ సంబంధమూ లేదులే, ఎక్కడి ఒంటేలు, ఎక్కడి కన్ను. అయినా అడిగినప్పుడు చెప్పాలి కదా. కోడలు ఆసుపత్రిలో పని చేసే పిల్లే, నిన్నేం అనుకుంటుంది?

పైనుంచి కిందికి తిప్పుకుంటూ భూతద్దంతో చదువుతున్నావా, లేక ఎండలో కూర్చుని చదువుతున్నావా? ఎలా చదివినా పూర్తిగా చదువు.

అక్క


ఫిబ్రవరి 19

అక్కా,

ఈ ఉత్తరం కోపంగా రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే అది కన్ను, పెన్ను కాగితం చింపితే అది కోపం.

నీ ఉత్తరం ఎలా చదువుతున్నానని అడిగావు కదా, చెబుతా విను. నాకు కనపడక కోడల్ని చదవమన్నాను. హాల్లో కూర్చుని గట్టిగా చదువుతోంది. ఎదురింటావిడ కోటు దగ్గర ఇద్దరం నవ్వుకున్నాం. "మరి ఆ మాత్ర మాటేమిటి" దాకా వచ్చింది. అంతే, చేతిలోంచి లాగేసుకున్నాను. ఆ పిల్ల బిత్తరపోయింది. ఏం మాత్ర మామయ్యా అంది. ఏదో బలానికి మాత్ర, ఎప్పుడో మానేశాను అన్నాను. ఫారంలో రాయాలేమో అంది. అక్కర్లేదని కసిరాను. పెళ్ళై ఈ ఇంటికొచ్చి తొమ్మిదేళ్ళు, నేను ఆ పిల్లని కసరడం అదే మొదలు. తర్వాత దొడ్లోకి వెళ్ళి ఎండలో భూతద్దం పెట్టి మిగతాది నేనే చదువుకున్నా. ఇంకో రెండు లైన్లు ఆ పిల్ల నోట పలికుంటే నేను తల ఎక్కడ పెట్టుకునేవాణ్ణి?

నువ్వు ఒట్టేశావు అక్కా. ఎవరికీ చెప్పనని బావ మంచం పక్కన నా చెయ్యి పట్టుకుని ఒట్టేశావు. నేను ఆ మాత్రలు ఎక్కడ దాస్తానో కూడా నీకే తెలుసు, షాపులో విరిగిన స్ప్రింగుల డబ్బాలో. ఆ పిల్ల నేను గదిలోకి వస్తే ఇప్పటికీ లేచి నిలబడుతుంది. ఇంట్లో నాకున్నది ఆ కాస్త గౌరవమే. అది కూడా తీసి పారెయ్యకు.

నీ మనసు కుదుటపడటానికి చెబుతున్నా, ఆ మాత్ర మానేశాను. ఆ సంగతి ఇక ఉత్తరాల్లో ఎత్తావంటే నేను నీకు రాయడం మానేస్తాను.

నీ తమ్ముడు


మార్చి 2

తమ్ముడూ,

ముందు నన్ను తిట్టుకోవడం ఆపి ఇది చదువు. మొన్న నువ్వు రాసింది చూసి నేను నాలుక కరుచుకున్నాను, ఇంకొకళ్ళు చదువుతారన్న ఆలోచనే నాకు రాలేదు. తప్పు నాదే. అందుకే ఈసారి కవరు అన్ని పక్కలా జిగురు పెట్టి అతికించి, పైన ఎర్ర సిరాతో "తమ్ముడికి మాత్రమే, ఇంకెవరూ విప్పకూడదు" అని రాశాను.

నిన్న ఒక నర్సమ్మ గౌను కొలతలివ్వడానికి వచ్చింది. కంటి ఆసుపత్రిలో పనట. నా నోట్లో గుండుసూదులు, ఆమె చేతులు చాపి నిలబడుంది. మా తమ్ముడికీ శుక్లం ఆపరేషన్ అని సూదుల మధ్యనుంచే అన్నాను. అక్కడున్న కాగితం మీద రాసి చూపించింది, ఏమనో తెలుసా? "మగవాళ్ళయితే మేం ముందు అడిగేది ప్రోస్టేటు వాపుకి మూత్రం మాత్ర వాడుతున్నారా అని" అని రాసింది. సూదులన్నీ కింద రాలిపోయాయి.

ఆమె రాసిందంతా నీకు రాస్తున్నా, జాగ్రత్తగా చదువు. ఆ మాత్ర వాడేవాళ్ళ కంట్లో పాప చుట్టూ ఉండే రంగు పొర వదులైపోతుందట. ఆపరేషన్ మధ్యలో అది లేచి, పరికరానికి అడ్డం వచ్చి చిరిగిపోవచ్చట. ముందే చెబితే డాక్టరు దానికి తగిన మందు, పొరని పట్టి ఉంచే చిన్న కొక్కేలు సిద్ధం చేసుకుంటాడట, అప్పుడు ఏ ఇబ్బందీ ఉండదట. చెప్పకపోతేనే ప్రమాదం. మానేసినా అంతేనట, ఎప్పుడో వాడి మానేసినా చెప్పాల్సిందేనట. కంటికీ దానికీ సంబంధం లేదని నేనేదో కూసాను. ఉంది. నా మాట పట్టుకోకు.

కాబట్టి డాక్టరుకి చెప్పు. కోడలికి చెప్పడం ఇష్టం లేకపోతే ఆమెని బయట కూర్చోబెట్టి డాక్టరు చెవిలో చెప్పు. ఒక చీటీ మీద మాత్ర పేరు రాసి ఆయన చేతిలో పెట్టు. ఎలాగైనా చెప్పు. చెప్పానని ఒక్క ముక్క రాసి పడెయ్యి, ఇంకేం రాయకపోయినా ఫర్వాలేదు. అది అందేదాకా నాకు ముద్ద దిగదు.

అక్క


మార్చి 7

అక్కా,

పేజీకి ఆరు లైన్ల కంటే పట్టడం లేదు, అందుకని క్లుప్తంగా రాస్తున్నా.

నీ ఉత్తరం నిన్ననే అందింది. లావుగా ఉంది. కవరు మీద ఎర్రగా ఏదో ఉంటే కోడలు చదివి చెప్పింది, నాకు తప్ప ఎవరికీ విప్పే హక్కు లేదని. నా కోపం సగం అక్కడే చల్లారింది. నా బాధ అర్థం చేసుకున్నావు, చాలు. నేను చదువుదామని ఎండలోకి తీసుకెళ్ళాను కానీ ఇప్పుడు భూతద్దంలోనూ చీమల బారు తప్ప ఏం కనపడటం లేదు.

కోడలు రెండుసార్లు అడిగింది, అర్జెంటేమో మామయ్యా, విప్పి పైపైన చూడనా అని. మా అక్కకి అన్నీ అర్జెంటేనమ్మా, బటను ఊడినా అర్జెంటే అన్నాను. నవ్వి ఊరుకుంది. క్షమించమని నాలుగు పేజీలు రాసుంటావు, నాకు తెలుసు. అక్కర్లేదు. నేనూ మాట తూలాను.

దాన్ని దిండు కింద పెట్టాను. పన్నెండున ఆపరేషన్, పదమూడున కట్టు విప్పుతారు. కొత్త కన్నుతో మొట్టమొదట నీ ఉత్తరమే చదువుతాను. ఆ తర్వాతే గడియారాలు.

నీ బుడ్డోడు


మార్చి 12, మధ్యాహ్నం

తమ్ముడూ,

నీ ఉత్తరం ఇందాక పదకొండు గంటలకి అందింది. "దిండు కింద పెట్టాను" దగ్గర ఉత్తరం అక్కడే పడేశాను. చెప్పులు కూడా వేసుకోకుండా వీధి చివర మందుల షాపుకి పరుగెత్తాను, పరుగంటే నా మోకాళ్ళతో ఎంత పరుగో నీకు తెలుసు. కోడలి నంబరు కాగితం ఆయన చేతిలో పెట్టి ఫోను చేయమన్నాను. మొదటిసారి ఎత్తలేదు. రెండోసారి ఎత్తింది.

నాకు వినపడదు కాబట్టి ఆయన విని నాకు రాసి చూపిస్తున్నాడు. "లోపలికి తీసుకెళ్ళి ఇరవై నిమిషాలైంది" అని రాశాడు. ఒట్టు తీసి గట్టున పెట్టాను తమ్ముడూ. షాపులో ఏడెనిమిది మంది ఉన్నారు. అందరి మధ్య నిలబడి, నా గొంతు ఎంత పెద్దదో నాకే తెలియకుండా అరిచాను. "మా తమ్ముడు మూడేళ్ళుగా మూత్రం మాత్రలు వేసుకుంటున్నాడు, డాక్టరుకి చెప్పండి, ఆపమనండి" అని అరిచాను. నీ పరువు మా వీధిలో పోయింది. పోనీ, కన్ను దక్కితే చాలు.

షాపాయన నాకు కుర్చీ వేశాడు. "ఆమె పరుగెత్తింది, ఫోను పెట్టేసింది" అని రాసి చూపించాడు. ఇప్పటిదాకా అక్కడే కూర్చుని వచ్చాను, మళ్ళీ ఫోను రాలేదు. ఈ ఉత్తరం ఎవరు చదువుతారో తెలియదు. ఎవరు చదివినా సరే, ఏమైందో రాయండి.

అక్క


మార్చి 20

పెద్దత్తయ్యగారికి,

కోడలు రాస్తున్నాను. వారం దాకా రాయలేకపోయాను, ఏమనుకోకండి. మందుల షాపాయనకి ఫోను చేసి "మనిషి క్షేమం" అని మాత్రం చెప్పించాను, అంతకంటే ఆయన నోట చెప్పించడం నాకు ఇష్టం లేకపోయింది.

మీ ఫోను రాగానే నేను ఆపరేషన్ గది దగ్గరికి పరుగెత్తి తలుపు బాదాను. నర్సు బయటికొచ్చి తిట్టబోయి, నేను చెప్పింది విని లోపలికి వెళ్ళిపోయింది. అప్పటికే రంగు పొర అడ్డం వచ్చి, దాని వెనక సన్నపొర కూడా చిరిగిందట. పాత శుక్లం ముక్క ఒకటి కంటి వెనక్కి జారిపోయిందట. పావుగంట పని గంటన్నర పట్టింది. డాక్టరు బయటికొచ్చి మాస్కు తీసి, "మాత్రల కాలమ్ లో లేదు అని ఉందేనమ్మా" అన్నారు. ఆ లేదు అన్న మాట నా చేతిరాతే అత్తయ్యగారూ. పదహారో తారీఖున ఇంకో పెద్ద డాక్టరు వచ్చి మళ్ళీ ఆపరేషన్ చేసి ఆ ముక్క తీశారు. కన్ను ఉంది, కానీ చూపు రాలేదు. వెలుతురు తెలుస్తోంది. ఎదురుగా మనిషి ఉన్నారని తెలుస్తోంది, ఎవరో తెలియడం లేదు. నెలలు పోతే కొంచెం మెరుగవచ్చు, సన్నపని మాత్రం చేయలేరు అన్నారు.

కట్టు విప్పి ఇంటికి తీసుకొచ్చిన రోజు మామయ్య దిండు కింద తడుముకుని మీ ఉత్తరం తీసి నా చేతికిచ్చారు. "ఇక నువ్వే చదువమ్మా" అన్నారు. చదివాను. గుండుసూదులు రాలిపోయాయన్న చోట ఆగిపోయాను. మామయ్య "ఆగకు" అన్నారు. మొత్తం చదివాను. చివరికొచ్చేసరికి ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

మీతో ఒక మాట చెప్పాలి. మీ మీద కోపంతో కాదు. నేను మగవాళ్ళ వార్డులో ఆయాని. రోజుకి పది పన్నెండుమంది పెద్దవాళ్ళకి మూత్రం గొట్టాలు సర్దుతాను, తడిసిన పక్కలు మారుస్తాను. వాళ్ళు సిగ్గుపడితే ఏదో ఒక కబురు చెప్పి నవ్విస్తాను. అంతమందికి చేసేదాన్ని, మా ఇంట్లో మామయ్య ఒక్కరికి నాతో చెప్పుకునే చనువు ఇవ్వలేకపోయాను. ఆయన గదిలోకి వస్తే లేచి నిలబడటమే మర్యాద అనుకున్నాను తొమ్మిదేళ్ళు. అది ఆయనకి నేనిచ్చిన గౌరవం అనుకున్నాను కానీ, అదే ఆయన నోరు కట్టేసిందని తెలియలేదు.

ఆ ఉత్తరం రెండుసార్లు నా చేతుల్లోకి వచ్చింది. విప్పి ఉండాల్సింది. ఇంకెవరూ విప్పకూడదు అని ఎర్రగా రాసుంటే విప్పలేదు.

కోడలు


మార్చి 27

తల్లీ,

ఈ ఉత్తరం నీకూ వాడికీ కలిపి రాస్తున్నా. వాడి పక్కన కూర్చుని గట్టిగా చదువు. ఇందులో ఎవరికీ దాచేది ఏమీ లేదు, కవరు కూడా అతికించలేదు.

నీ తప్పు ఒక్కటీ లేదమ్మా. నువ్వు పెద్దవాళ్ళ మాట విన్నావు. ఆ పెద్దవాళ్ళే బుద్ధిలేని వాళ్ళు. అందులో మొదటిదాన్ని నేను.

ఒరే తమ్ముడూ, నీతో ఒక సంగతి చెప్పాలి, పదిహేను రోజులుగా అది నన్ను తినేస్తోంది. మార్చి రెండున ఆ ఉత్తరం పోస్టు చేయడానికి నేనే వెళ్ళాను. పోస్టాఫీసు కౌంటరు మీదే ఫోనుంది. నా సంచిలో కోడలి నంబరుంది. కౌంటరు అమ్మాయి మంచిది, నా తరఫున ఎన్నోసార్లు ఫోన్లు చేసిపెట్టింది. "దీన్ని ఫోనులో చెప్పించనా" అని నాకు అనిపించింది. అనిపించలేదని అబద్ధం చెప్పను. కానీ కోడలికి వాడి ఒంటేలు గురించి ఎవరితోనో చెప్పించడం ఏమిటి, వాడు వింటే నా మొహం చూడడు, మొన్ననే అంత కోపంగా రాశాడు అనుకున్నాను. ఇంకా పది రోజులుంది, ఉత్తరం నాలుగు రోజుల్లో వెళ్తుంది, వాడు చదువుకుంటాడులే అనుకున్నాను. నీకు కళ్ళు కనపడవు కాబట్టే కదా ఆపరేషన్ అన్న ఇంగితం నాకు లేకపోయింది! చదవలేనివాడికి రహస్యంగా చదువుకో అని ఉత్తరం రాసిన మొద్దుని నేను.

కవరు మీద ఎర్ర సిరాతో నాలుగు ముక్కలు రాసే చోటు ఉంది నాకు. "వెంటనే విప్పి చదవండి" అని రాసుండొచ్చు. ఇంకెవరూ విప్పకూడదని రాశాను. నీకిచ్చిన మాట నిలబెట్టాననుకున్నాను. నువ్వు నాతో మాట్లాడటం మానేస్తావేమోనన్న భయమే, అంతకంటే ఏమీ కాదు. ఒంటరిదాన్ని, చెవుల్లేనిదాన్ని, నాకొచ్చే ఉత్తరాలు నీవే. అవి ఆగిపోతాయని భయపడి నీ కన్ను పోగొట్టాను.

ఎదురింటావిడ వచ్చి కూర్చుంటోంది రోజూ. కోటు సంగతి మర్చిపోయింది. నాకు మిషను ముందు కూర్చోబుద్ధి కావడం లేదు. నర్సమ్మ గౌను అలాగే ఉంది. ఆమె వచ్చి అడిగితే ఏం చెప్పను, మీరు చెప్పింది నేను కవర్లో పెట్టి అతికించానని చెప్పనా?

నన్ను తిట్టైనా ఒక ముక్క రాయించు.

అక్క


మే 9

అక్కా,

ఇది నేను చెబుతుంటే కోడలు రాస్తోంది. నేను చెప్పింది చెప్పినట్టు రాయాలని, మర్యాద కోసం దిద్దకూడదని మాట తీసుకున్నాను.

నెలన్నర రాయించలేదు. నీ మీద కోపం అనుకున్నావు కదూ? మొదట కొన్నాళ్ళు అదే. ఫోను పక్కనే పెట్టుకుని పోస్టు చేసిందే అని పళ్ళు నూరుకున్నాను. ఆ తర్వాత ఒకరోజు నేనేం చేశానో వరసగా తలుచుకున్నాను. డాక్టరు ఫారంలో అడిగాడు, కోడలు అడిగింది, నువ్వు అడిగావు. మళ్ళీ కోడలు అడిగింది. ఇంతమంది అడిగారు. లేదు లేదు అన్నది నేనొక్కణ్ణే. నీకు మానేశానని రాసింది కూడా అబద్ధం, ఆపరేషన్ రోజు పొద్దున కూడా షాపుకెళ్ళి మాత్ర వేసుకుని మరీ వెళ్ళాను, మధ్యలో ఒంటేలు వస్తుందేమోనని. నీ ఉత్తరం అందకపోయినా నిజం నా నోట్లోనే ఉంది కదా. దానికి పోస్టు ఎందుకు? కాబట్టి నువ్వు ఏడవడం ఆపు. ఏడవాల్సింది నేను.

డాక్టరు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అంటే బాగుండేది. "ముందు ఒక్క ముక్క చెప్పుంటే నాకు అయిదు నిమిషాల పని పెరిగేది, అంతే" అన్నాడు. అయిదు నిమిషాలు అక్కా!

ఎడమ కంట్లోనూ శుక్లం ముదురుతోంది. మందకొడిదైనా ఉన్నది అదొక్కటే కాబట్టి వచ్చే నెల దానికి చేస్తారు. నిన్న మళ్ళీ అదే రెండు పేజీల ఫారం ఇచ్చారు. కోడలు పెన్ను పట్టుకుంది. ఈసారి ఆ పిల్ల అడగకముందే నేను మొదలుపెట్టాను. మాత్ర పేరు, మూడేళ్ళు, రోజుకి ఒకటి. ఎందుకో చెప్పాను. షాపులో తడిపేసుకున్న రోజు చెప్పాను. స్ప్రింగుల డబ్బా గురించి చెప్పాను. పక్కన కుర్చీల్లో ఉన్నవాళ్ళందరూ విన్నారు. చిన్నప్పుడు నువ్వు నన్ను మెట్ల మీదనుంచి పడేసింది కూడా చెప్పాను, అది అక్కర్లేదు మామయ్యా అని నవ్వింది. ఇన్నేళ్ళలో ఆ పిల్ల నా ఎదుట అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. ఇంతేనా, దీనికేనా నేను కన్నిచ్చింది అనిపించింది. అంత తేలిగ్గా ఉంది చెప్పడం.

ఇంట్లో ఇప్పుడు నేను గదిలోకి వెళ్తే ఆ పిల్ల లేవడం లేదు. కూర్చునే "రండి మామయ్యా" అంటోంది. నాకు అదే బాగుంది. తొమ్మిదేళ్ళ కిందటే బాగుండేది.

షాపు వదిలేశాను. పక్క సందులో సెల్‌ఫోన్లు బాగుచేసే ఆయన తీసుకున్నాడు. బాగుకి వచ్చిన గడియారాలు పదకొండున్నాయి. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి ఇచ్చేశాం, కోడలు తలుపు కొడుతుంది, నేను క్షమించమని చెబుతాను. రెండు నిమిషాల ముళ్ళ గడియారం ఆయన మాత్రం, మీరు బాగుచేసేదాకా ఉంచండి అన్నాడు. ఇక చేయలేనండీ అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి.

నిన్న తాళాలు ఆయన చేతికిచ్చి ఇంటికొచ్చాక, షాపు నుంచి తెచ్చుకున్న బల్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చాను. పని పోయినందుకు, కన్ను పోయినందుకు, అంతకంటే ఎక్కువ, నా అంతట నేనే పోగొట్టుకున్నందుకు. ఇది రాయాలా మామయ్యా అని పెన్ను ఆపి అడుగుతోంది కోడలు. రాయమ్మా, మా అక్కకి తెలియాలి అన్నాను. రాస్తోంది. తనూ ఏడుస్తోందట, అది కూడా రాయమన్నాను.

నీ తమ్ముడు